సబ్బు నురగ

నా సంచిలో
ఒక పానా, రెండు వాషర్లు, జానెడు రబ్బరు గొట్టం,
అడుగున అరిగిపోయిన బట్టల సబ్బు ముక్క.
కంటికి కనపడని దాన్ని పట్టుకోవడానికి
ఇంతకంటే గొప్ప యంత్రం నాకెవరూ ఇవ్వలేదు.

గంభీరంలో బండి ఆపేసరికి
పరదేశమ్మ మోచేతుల దాకా పేడలో ఉంది.
బాల్చీ పేడకి బాల్చీ నీళ్లు.
గడ్డిపరక కనబడితే ఏరి పారేస్తుంది,
పసిబిడ్డ ఉగ్గులో పలుకు ఏరినట్టు.
"గేసు బాగానే వస్తంది బావూ.
రేతిరేల మాత్రం డ్రమ్ము ఎత్తుగా లెగిసిపోతంది.
పైన మర తిప్పి కూసింత ఒగ్గేస్తన్నాను.
గాలే కదేటి."

గాలే.

మగ్గులో సబ్బు గిలక్కొట్టాను.
కీలు కీలుకీ నురగ పూస్తూ వెళ్తే
మూడోదాని దగ్గర ఉబ్బింది,
తొలకరి కప్ప గొంతులా.
పగిలింది. మళ్లీ ఉబ్బింది.
మనవరాలు లిఖిత వేళ్ల మీద లెక్కపెట్టి
పదిహేడు దగ్గర విసుగొచ్చి మానేసింది.
గాలి మానలేదు.

ఎలా చెప్పను?
ట్రైనింగులో బోర్డు మీద అంకెలు రాశారు, సగం మర్చిపోయాను.
మిగిలింది ఇదీ:
ఈ గాలి కాలిందా,
గడ్డిలోంచి వచ్చింది గడ్డికే పోతుంది.
కాలకుండా జారిపోయిందా,
పొగ కంటే పాతిక రెట్లు పైగా
ఎండని పట్టుకు కూర్చుంటుంది.
మాఘం వెళ్లకుండానే చొక్కా వీపుకి అంటుకుంటున్న ఈ ఉక్కలో
మా మూడో కీలు వాటా ఎంతో
ఎవరు తూచి చెబుతారు?

ఆమె చేతులు కడుక్కుని, తీరుబడిగా అడిగింది:
"రేవులో బొగ్గు గుట్టలున్నాయి.
ఉక్కు ఫేక్టరీ గొట్టాలున్నాయి.
నా డ్రమ్ముకేనా బావూ సబ్బు రాస్తావు?"

జవాబు కోసం సంచిలో చెయ్యి పెట్టాను.
వాషర్ దొరికింది.

అలాగని ఆమె చేసింది తక్కువేం కాదు.
సరుగుడు తోటల్లో పుల్లలేరడం మానేసి ఆరేళ్లు.
వంటింటి గోడకి వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది.
పక్కింటి బంగారయ్య, సిలిండరొచ్చిన వారమే
పేడ వెయ్యడం ఆపేశాడు.
లోపలున్నది మాత్రం ఆపకుండా అరిగింది నెలల తరబడి,
తుప్పు చిల్లులోంచి ఊపిరి వదులుతూ.
వాళ్ల కోళ్లు దాని మీదే నిద్రపోయేవి, వెచ్చగా ఉంటుందని.

ఆఫీసువాళ్ల పుస్తకంలో
ఆమె పేరు పక్కన ఒకటే గడి:
పొయ్యి వెలుగుతోందా?
అవునని టిక్కు పెడతాను.
ఆ టిక్కు ఎక్కడికో పోయి టన్నులవుతుందట,
టన్నులు డబ్బులవుతాయట.
బుడగ కోసం గడి లేదు.
ఇవాళ అంచున పెన్సిల్‌తో రాశాను:
పదిహేడు, ఆపైన తెలీదు.

వాషర్ మార్చాను. నురగ పడుకుంది.
"ఇక ఒగ్గేయకు పిన్నీ. మిగిల్తే వెలిగించు."
"గిన్నె లేకండా మంటా? ఇంటికి మంచిది కాదు."
పైట చెంగుతో మెడ తుడుచుకుంటూ ఆలోచించి
తనే అంది:
"ఉలవలుడకేస్తాన్లే, గేదికి."

వెనక గుంతలో, బయటికొచ్చిన జావ
మెల్లగా ఇంకా బుడగలేస్తోంది.
అది ఆమెకి చెప్పలేదు.
మూతకి రేకు ఎంతవుతుందో నాకు తెలుసు.

బండి తీస్తుంటే గేదె
నెమరు ఆపి, తల ఎత్తి
ఊరందరికీ వినబడేలా తేన్చింది.
లిఖిత మగ్గు పట్టుకుని నా ముందుకొచ్చింది:
"మరి దీనికి రాయవా?"